పెదవులు లేని రాక్షసుడు

ఆ వేసవిలో మా ఇంట్లో ఒక రాక్షసుడు మకాం పెట్టాడు. పిలిచి పీట వేసింది నేనే కాబట్టి ఇంకొకరిని అనడానికి లేదు.

నేను డబ్బింగ్‌కు మాటలు రాస్తాను. ఎక్కడో తయారైన కార్టూన్ సీరియల్ మా దగ్గరికి వస్తుంది, దానికి మన మాటలు తొడగాలి. వినడానికి తేలికగానే ఉంటుంది గానీ, ఆ తిప్పలు చేసేవాళ్ళకే తెలుస్తాయి. తెరమీద బొమ్మ ఎంతసేపు నోరాడిస్తే అంతసేపే మాట ఉండాలి. అది మూతి మూసినచోట ‘ప’ యో ‘మ’ యో పడాలి, తెరిచినచోట ‘ఆ’ పడాలి. రెండుసార్లు నోరు తెరిచి ఊరుకునే బొమ్మ చేత ఉపన్యాసం ఇప్పించలేం. పన్నెండేళ్ళుగా ఇదే పని చేసీ చేసీ, ఎదుటి మనిషి ఏం చెబుతున్నాడో వినడం మానేసి మూతి చూడటం మొదలుపెట్టానని మా ఆయన ఫిర్యాదు.

ఆ ఏడాది సెలవులకు వచ్చిన సీరియల్‌లో ఇరవై నాలుగు భాగాలు. కథ కొత్తదేమీ కాదు. ఒక మెరిసే నగరం, దాన్ని కాపాడే ఇనుప టోపీ కుర్రాడు, నగరం చుట్టూ చిత్తడి నేల, ఆ చిత్తడిలోంచి లేచి వచ్చే రాక్షసుడు. మనుషులు కొత్తగా అడుగుపెట్టిన చోటికల్లా వాడు తీగలు పంపిస్తాడు, గోడలు పగలగొడతాడు, యంత్రాల నోట్లో బురద కొడతాడు. కుర్రాడికి ఉక్కుబాబు అని పేరు పెట్టాను. రాక్షసుడి అసలు పేరు పలకడానికి మా స్టూడియోలో ఎవరికీ నోరు తిరగలేదు. ఏం పేరు పెట్టాలా అని కిటికీలోంచి పెరట్లోకి చూశాను. కుళాయి కారే చోట, వెనక గోడ మీద పచ్చగా, దళసరిగా నాచు. నాచుదొర అని రాసేశాను.

ఈ దొరగారితో నాకొక సౌకర్యం ఉంది. ఆయనకు కళ్ళ కింద నుంచి మోకాళ్ళ దాకా గడ్డం. నాచు, వేళ్ళు, గడ్డి అన్నీ కలగలిసిన గడ్డం. పెదవులే కనిపించవు.

"అంటే?" అన్నారు మావయ్య, మొదటి భాగం చూస్తూ.

"అంటే ఈయన ఎంతసేపైనా మాట్లాడచ్చు మావయ్యా. ఏమైనా మాట్లాడచ్చు. గడ్డం ఊగుతుంటే చాలు."

"ఎంతసేపు ఊగుతుందమ్మాయ్ అది?"

"ఊగుతూనే ఉంటుంది."

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఆ గడ్డాన్ని కొత్త అల్లుణ్ణి చూసినట్టు చూశారు.

మావయ్య అంటే మా ఆయన తండ్రి. నలభై ఏళ్ళుగా విలన్లకు గొంతిస్తున్నారు. ఆ నలభై ఏళ్ళూ అందరూ ఆయన చేత నవ్వించుకున్నారే గానీ, నాలుగు ముక్కలు తిన్నగా మాట్లాడించినవాళ్ళు లేరు. ఆయన దగ్గర ఆరు నవ్వులు ఉన్నాయి. ఆ నంబర్లు వేసింది మా ఆయన, చిన్నప్పుడు, మంచం కింద దాక్కుని. ఒకటో నంబరు కుట్ర పన్నినప్పటిది. రెండోది హీరో చిక్కాడనుకున్నప్పటిది. మూడోది ఆకాశం దద్దరిల్లేది. ఇప్పటికీ సౌండు చూసే అతను అద్దం వెనక నుంచి, "సార్, ఇక్కడ మూడో నంబరు ఇచ్చేయండి" అంటాడు. ఏడోది కూడా ఒకటుండేదని మావయ్య ఓసారి నోరు జారారు. అది స్టూడియోకి పనికొచ్చేది కాదట. ఏమిటది అని అడిగితే మంచినీళ్ళు తెమ్మన్నారు.

ఇక మా ఆయన. ఇళ్ళకూ దుకాణాలకూ నేల వేయించే కాంట్రాక్టరు. బూటు కింద మట్టి తగిలితే ఆయనకు నిద్ర పట్టదు. మాట మహా పొదుపు, నవ్వు అంతకంటే పొదుపు. ‘సరే’, ‘చూద్దాం’, ‘పద’. ఈయన తెరమీద బొమ్మయితే రాయడానికి నాకు హాయిగా ఉండేది.

కిందటి వానాకాలం మావయ్య పెరట్లోకి వెళ్ళి, ఆ గోడ పక్కనున్న నాచు మీద కాలు జారి పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. ఆ ఆరు వారాలూ మా ఆయన ఏమీ అనలేదు గానీ, కట్టు విప్పిన రోజున తండ్రికి అడుగున గరుకు రబ్బరున్న చెప్పులు తెచ్చారు. ఇంట్లో కూడా అవే వేసుకోవాలి. పెరటి తలుపుకు గడియ పెట్టారు. మళ్ళీ వానలు వచ్చేలోగా గోడ నుంచి గోడ దాకా పెరడంతా సిమెంటు చేయిస్తానని నాతో అన్నారు. తండ్రి మీద ప్రేమ పొంగితే కొందరు పాదాలు ఒత్తుతారు, మా ఆయన కాంక్రీటు పోయిస్తారు. మావయ్య, "నీ ఇష్టంరా" అన్నారు. నేనూ సరేనన్నాను. ఆ చెయ్యి పట్టుకుని ఆస్పత్రిలో కూర్చున్నది నేనే, నాకెందుకు అభ్యంతరం?

అభ్యంతరం ఉన్నది మా పిడుగుకి. దానికి తొమ్మిదేళ్ళు. పెరడు దాని సామ్రాజ్యం. పద్నాలుగు నత్తలు, తొట్టి కింద ఒక కప్ప, గోడ పొడుగునా చీమల బారు, ఎవరూ నాటకుండానే వచ్చిన ఒక తీగ. పెద్దవాళ్ళకు గడియ గానీ, దానికి కిటికీ ఉంది.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. సీరియల్ అంతా ఒకేసారి చేతికివ్వరు, ముగింపు బయటికి పొక్కుతుందని భయం. వారానికి మూడు భాగాలు పంపిస్తారు. అవి ముగిస్తేనే తర్వాతవి. కథ ఎటు పోతుందో చూసే పిల్లలకు ఎంత తెలుసో రాసే నాకూ అంతే తెలుసు. ఈ సంగతి మర్చిపోయి నేను మాట జారాను.

మూడో వారం. ఉక్కుబాబు మూతి బిగించుకుని తెరమీద ఆగి ఉన్నాడు. వాడి చేత ‘ప’ తో మొదలయ్యే మాట అనిపించాలి, అది దొరకడం లేదు. పిడుగు వచ్చి బల్ల అంచు పట్టుకుంది.

"అమ్మా, నాన్న పెరడంతా సిమెంటు చేసేస్తారట. మేస్త్రీ మామయ్య టేపు పెట్టి కొలుస్తున్నాడు."

"ఊఁ."

"మరి నా నత్తలు?"

"ఊఁ."

"అమ్మా! ఊఁ అంటే ఏంటి?"

"నాచుదొర ఓడిపోనంతవరకూ మన పెరటికి ఏమీ కాదే తల్లీ. సరేనా? వెళ్ళి ఆడుకో."

అది వెళ్ళింది. తిన్నగా పెరట్లోకి, టేపు రెండో కొస పట్టుకుని ఉన్న వాళ్ళ నాన్న దగ్గరికి. "నాన్నా, నాచుదొర ఓడిపోతేనే సిమెంటు. అమ్మ మాటిచ్చింది" అని చెప్పింది. మా ఆయన కిటికీలోంచి నా వంక చూశారు. నేను ఉక్కుబాబు వంక చూశాను. సీరియల్ ఎప్పుడు ముగుస్తుందని ఆయన అడిగారు, పిడుగు చెప్పింది. మేస్త్రీకి ఎలాగూ ఆ తర్వాత సోమవారం దాకా ఖాళీ లేదు.

"సరే" అన్నారు మా ఆయన. "ఓడిపోతేనే."

మధ్యాహ్నం భోజనాల దగ్గర మాత్రం పెదవి విప్పారు. "కార్టూన్లో రాక్షసుడు గెలవడం నువ్వెప్పుడైనా చూశావా?"

చూడలేదు. పిల్లకు లేనిపోని ఆశ పెట్టి కూర్చున్నానని అప్పుడు తెలిసొచ్చింది.

బొమ్మ నా చేతిలో లేదు. మాటే నా చేతిలో ఉంది. ఆ రోజు నుంచి నాచుదొర నా పక్షాన మాట్లాడటం మొదలుపెట్టాడు, లేదా నేనే ఆయన పక్షాన. అసలు ప్రతిలో ఆయన మాటలు ‘మీ నగరాన్ని నాశనం చేస్తా’, ‘నాకు ఎదురు లేదు’, ఆపైన నవ్వు. మా దగ్గర మావయ్య చెప్పినది ఇది:

"నేను మీ ఇంటికి వచ్చానా బాబూ? మీరే వచ్చి నా ఇంటి మీద ఇల్లు కట్టుకున్నారు. ఇప్పుడు గోడ తడుస్తోందని నన్ను తిడుతున్నారు. తడి నా ఒళ్ళయ్యా. ఒళ్ళు విప్పి ఎక్కడ పెట్టుకోను?"

అద్దం వెనక సౌండు అతను బొత్తం నొక్కడం మర్చిపోయాడు. మళ్ళీ చెప్పించాం. రెండోసారి ఇంకా బాగా చెప్పారు.

ఉక్కుబాబుకు గొంతిచ్చేది యాభై ఆరేళ్ళ ఆవిడ. స్టూడియోలో అందరికీ పిన్నిగారు. ఆవిడ కాగితాలు తిరగేసి నా మీదికి వచ్చింది. "ఏమ్మా, ఆయనకు పేజీలకు పేజీలు. నాకు చూస్తే ‘ఆగు’, ‘పద’, ‘అమ్మో’. నేను చేసిన పాపం ఏంటి?"

"మీ బాబుకు పెదవులున్నాయి పిన్నిగారూ. అదే పాపం."

"ఆగు, ఆగు, ఆగు" అని గొణుక్కుంటూ ఆవిడ మైకు దగ్గరికి వెళ్ళింది. ఆ సీరియల్ మొత్తం మీద ఉక్కుబాబు ‘ఆగు’ అన్నది నూటపదకొండు సార్లు. లెక్కపెట్టింది ఆవిడే.

నాచుదొర మంచివాడని నేననను. ఎనిమిదో భాగంలో వంతెన కూల్చాడు. వంతెన మీద బస్సు ఉంది. ఉక్కుబాబు సమయానికి రాబట్టి సరిపోయింది. ఆ రోజు పిడుగు టీవీ కట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"బస్సులో వాళ్ళు ఏం చేశారమ్మా? వాళ్ళేం సిమెంటు పొయ్యలేదుగా?"

తొమ్మిదో భాగంలో గడ్డం నలభై సెకన్లు ఖాళీగా ఊగే చోటు ఒకటి ఉంది. అక్కడ ఇలా రాశాను: "బస్సు విషయంలో తప్పు నాదే. కోపంలో కళ్ళు కనపడలేదు. చీమను తొక్కినవాణ్ణి తిట్టే నేను చూడకుండా కాలు వేశాను. ఇంకోసారి వెయ్యను."

మావయ్య ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుకున్నారు. "నలభై ఏళ్ళలో తప్పు ఒప్పుకున్న విలన్ని చూళ్ళేదమ్మాయ్. వీడు ఎక్కడ దొరికాడు నీకు?" అన్నారు. నిజం చెప్పాలంటే, అప్పటికే నాకు ఆ గడ్డపాయన మీద జాలి దాటి ఇష్టం కలిగింది. ఇంత పెద్ద ఒళ్ళు పెట్టుకుని, తన చోటు తనకు వదలమని అడగడం తప్ప ఆయన కోరుతున్నది ఏమీ లేదు. అడిగే తీరే తెలియదు పాపం.

ఒక సాయంత్రం మా ఆయన ఇద్దరు పనివాళ్ళతో టీ తాగుతుండగా టీవీలో ఆ గోడ మాటలు వచ్చాయి. పనివాళ్ళలో ఒకడు టీ గ్లాసు దించి, "సార్, ఇది మన సైటు గురించేనా?" అన్నాడు.

మా ఆయన టీవీ వంక చూశారు, పెరటి గోడ వంక చూశారు, నా వంక చూశారు. "వీడికి మన గోడ సంగతి ఎవరు చెప్పారు?"

నేను టీలో చక్కెర కలుపుకుంటున్నాను. అప్పటికే కలిపాను, అయినా కలుపుకుంటున్నాను.

"గోడ తడిస్తే ఇల్లు దెబ్బతింటుంది. నేల జారితే మనిషి దెబ్బతింటాడు. ముసలాళ్ళ ఎముక ఓ పట్టాన అతకదు. ఆ మాట ఎవడైనా చెప్పాలిగా వాడికి? ఆ టోపీ కుర్రాడు నోట్లో బెల్లం పెట్టుకున్నాడా?" అన్నారు ఆయన టీవీతో. పెళ్ళయ్యాక ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు అనడం నేను వినలేదు.

న్యాయమైన వాదనే. ఉక్కుబాబు చేత అనిపిద్దామని చూశాను, వాడి మూతికి సరిపోలేదు. చివరికి ఆ వాదన కూడా గడ్డంలోకే వెళ్ళింది. "నీ వాళ్ళు జారిపడతారని నీ భయం. ఆ భయం మంచిదే బాబూ. కానీ నడవడానికి మనిషికి ఎంత నేల కావాలి? ఒక్కసారైనా కొలిచావా?" అన్నాడు నాచుదొర, పదిహేడో భాగంలో. మా ఆయన ఆ భాగం చూశారో లేదో నాకు తెలియదు.

పిల్లలు మాత్రం చూశారు. ఛానల్ ఆఫీసుకు ఉత్తరాలు మొదలయ్యాయి. అన్నీ నాచుదొరకే. ఒకడు తన బొమ్మకారు పంపించాడు, బస్సుకు బదులుగా. ఇరవయ్యో భాగం తర్వాత అక్కడి మేనేజరమ్మ ఫోన్ చేసింది.

"మీ రాక్షసుడు కాస్త ఎక్కువ మాట్లాడుతున్నాడండీ."

"గడ్డం ఊగుతోంది కదండీ మేడమ్."

"ఊగుతోందని అందులో ఏమైనా దాచేస్తారా? సీరియల్ తీసినవాళ్ళ మనిషి ఒకాయన మన భాష తెలిసినవాడట, విన్నాడు. వాళ్ళ దాంట్లో ఆ మాటలే లేవట. చివరి భాగాలకు అసలు ప్రతి పట్టుకుని నేనే వచ్చి కూర్చుంటా. ఉన్నది ఉన్నట్టు. ఒక్క అక్షరం ఎక్కువైనా మీకూ నాకూ సెలవు."

ఆవిడ చెడ్డ మనిషేమీ కాదు. ఆవిడ పని అది.

చివరి మూడు భాగాలూ వచ్చాయి. ఇరవై నాలుగోది తెరిచి చూశాను. ఉక్కుబాబు నగరం చిత్తడి మీద మెరిసే పలకలు పరుస్తుంది. ఒక్కో పలకా పడుతున్న కొద్దీ నాచుదొర కిందికి దిగుతుంటాడు. చివరి పలక పడేముందు గడ్డం, కళ్ళు మాత్రం మిగులుతాయి. ప్రతిలో ఆయనకు అక్కడ మాటలే లేవు. ఒకే ముక్క: నవ్వు, పద్నాలుగు సెకన్లు. ఆ తర్వాత ఉక్కుబాబు ‘పద’ అంటాడు, అంతటితో అయిపోతుంది.

పిడుగుకు చెప్పాను. అది ఏడవలేదు. "నేనూ స్టూడియోకి వస్తా. చివరిసారి ఆయన్ని చూడాలి" అంది. ఆటోలో ఇంతమందిమి ఎందుకని మా ఆయనే వ్యాను తీశారు.

అద్దానికి ఇవతల సౌండు అతను, మేనేజరమ్మ, పిడుగు, గోడకు ఆనుకుని మా ఆయన, నేను. అవతల మావయ్య, పిన్నిగారు. తెరమీద పలకలు పడటం మొదలైంది. మావయ్య చెయ్యెత్తి మూడో నంబరు అందుకున్నారు. స్టూడియో దద్దరిల్లింది. మేనేజరమ్మ తల ఊపింది. కానీ సౌండు అతను చెవులకున్నది తీసి మొహం చిట్లించాడు.

"సార్, చెప్పు కిర్రుమంది. రబ్బరు. ఇంకొకటి తీసుకుందామా?"

మావయ్య కిందికి చూసుకున్నారు. కొడుకు కొన్న గరుకు చెప్పులు. వాటిని మెల్లగా విడిచి, పక్కకు జరిపి, ఒట్టి కాళ్ళతో నిలబడ్డారు. వేళ్ళు కాస్త విడదీసి నేలను తడిమారు. అద్దంలోంచి పిడుగు వంక చూశారు. అది ముక్కు అద్దానికి ఆనించి నిలబడి ఉంది.

ఈసారి నవ్వు పెద్దగా మొదలవ్వలేదు. కడుపులో ఎక్కడో చక్కిలిగింత పెట్టినట్టు మొదలై, ఆపుకోబోయి ఆపుకోలేక, ఎగదన్ని, ఊపిరి అందక, మళ్ళీ మొదలైంది. కుట్రా లేదు, కోపమూ లేదు. చివరి పలక దిగుతోంది, ఆ కళ్ళు మూసుకుపోతున్నాయి, ఆ నవ్వు మాత్రం పలక కింద కూడా ఆగనట్టే ఉంది. నాకు తెలిసిన ఆరు నంబర్లలో అది ఏదీ కాదు. పిన్నిగారు కళ్ళు తుడుచుకుంటూ తన ‘పద’ కు క్షణం ఆలస్యం చేసింది.

మేనేజరమ్మ గడియారం చూసింది. "పద్నాలుగు సెకన్లు. నవ్వు. ఉన్నది ఉన్నట్టే ఉంది" అని కాగితం మీద టిక్కు పెట్టింది. ఆ తర్వాత ఒక నిమిషం పెన్ను మూత పెట్టకుండా కూర్చుంది.

మా ఆయన గోడ దగ్గర లేరు. వ్యాను తిప్పుకొస్తానని బయటికి వెళ్ళారట.

రెండు సిగ్నళ్ళు దాటాక మా ఆయన అద్దంలోంచి తండ్రి వంక చూశారు.

"ఏడోదా?"

"ఆఁ. ఏడోదే."

"ఒట్టి కాళ్ళతో పెరట్లో దిగితే తప్ప రాదుగా అది నీకు."

మావయ్య కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నారు. "వచ్చిందిరా ఎందుకో" అన్నారు. నేను ముందు సీట్లో బొమ్మలా కూర్చున్నాను. పదకొండేళ్ళ కాపురంలో నాకు తెలియని సంగతి ఒకటి నా వెనకా పక్కనా తిరుగుతోంది, మధ్యలో నోరు పెట్టడానికి నాకు మనసు రాలేదు.

సోమవారం పొద్దున్నే కంకర, ఇసుక, సిమెంటు బస్తాలు, కలిపే మిషను అన్నీ వచ్చాయి. పెరటి తలుపు గడియ తీశారు. మేస్త్రీ గోడ నుంచి గోడకు దారం కట్టాడు. పిడుగు బకెట్టు పట్టుకుని గోడ దగ్గర కూర్చుని ఉంది. దాని అల్లరికి మేస్త్రీ ముందే భయపడి, "అమ్మాయిగారు గొడవ చేస్తారేమో సార్" అన్నాడు. అది గొడవ చెయ్యలేదు. ఒక్కో నత్తనూ ఊడదీసి బకెట్టులో వేసుకుంటోంది.

మా ఆయన దాని పక్కన నిలబడ్డారు. "ఏంటమ్మా అది?"

"నత్తలు. పదకొండు దొరికాయి. ఇంకా మూడున్నాయి."

"ఎందుకు తీస్తున్నావు?"

"నాచుదొర ఓడిపోయాడుగా. మాటంటే మాటే. అందుకని తీసుకెళ్ళిపోతున్నా."

"ఎక్కడికి?"

పిడుగు బకెట్టులోకి చూసింది. "తెలీదు నాన్నా. నువ్వు వెయ్యని చోటుకి."

మిషను గిర్రుమని తిరగడం మొదలైంది. పనివాడు మొదటి బస్తా కోసి భుజానికెత్తాడు.

"ఆగు" అన్నారు మా ఆయన.

మిషను చప్పుడులో వాడికి వినిపించలేదు.

"ఆగు!"

వాడు ఆగాడు. మేస్త్రీ ఆగాడు. మిషను ఆపారు. వంటింటి కిటికీలో నేను చేతిలో గరిటెతో ఆగాను. మా ఆయన ఒంగి గోడకు కట్టిన దారం ఊడదీశారు. పెరటి తలుపు దగ్గర నుంచి కుళాయి దాకా, కుళాయి దగ్గర నుంచి తొట్టి దాకా తను స్వయంగా అడుగులు వేస్తూ నడిచారు. వెడల్పు చేత్తో కొలిచారు. ఒకసారి తండ్రి చెయ్యి పట్టుకుని ఆయన్ను కూడా నడిపించి, ఆ ఇద్దరికీ పట్టేంత వెడల్పు చూసి సుద్దతో గీత గీశారు.

"ఇంతే చాలు. గరుకు రాళ్ళు. పక్కన పట్టుకోవడానికి ఇనుప పైపు. మిగతాది ముట్టుకోకు."

"మిగతాదంతా మట్టే ఉంటుంది సార్" అన్నాడు మేస్త్రీ, ఆయనకు ఒంట్లో బాగాలేదేమోనన్నట్టు.

"ఉండనీ."

పిడుగు బకెట్టు బోర్లించింది. నత్తలు తమకేమీ పట్టనట్టు మళ్ళీ గోడ దారి పట్టాయి.

మావయ్య ఆ గీత దగ్గరికి వచ్చారు. "సిమెంటు వద్దని నాతో ఒక్క ముక్క చెప్పలేకపోయావా నాన్నా?" అని మా ఆయన అడిగితే, "నా కోసమే చేయిస్తున్నావు. కాదని ఎలా అననురా?" అన్నారు. నేను రాయాల్సిన చోట కూడా అంత తిన్నని మాట నాకు దొరికేది కాదు.

చివరి భాగం వచ్చిన వారానికి మేనేజరమ్మ మళ్ళీ ఫోన్ చేసింది. నాచుదొర పలక కిందనుంచి ఎప్పుడు వస్తాడని సంచులకొద్దీ ఉత్తరాలట. ఓడిపోయినవాడు అలా నవ్వడు కాబట్టి తప్పకుండా వస్తాడని పిల్లలే తేల్చేశారట. సీరియల్ తీసినవాళ్ళు రెండో విడత మొదలుపెట్టారు. "ఒక్క చిక్కండీ" అంది మేనేజరమ్మ. "ఈసారి ఆయనకు గడ్డం కత్తిరించి పెదవులు పెట్టారు." ఆవిడ గొంతులో నిజంగానే బాధ ఉంది. మావయ్యకు చెబితే, "పెట్టుకోనీ అమ్మాయ్. వాడు చెప్పాల్సింది చెప్పేశాడు" అన్నారు.

ఆ మధ్యాహ్నమే మొదటి వాన పడింది. మేము నలుగురం పెరటి గుమ్మంలో నిలబడ్డాం. కొత్త రాళ్ళు నల్లగా తడిశాయి, పక్కన మట్టి గుటకలు వేస్తూ నీళ్ళు తాగుతోంది. తొట్టి కింద కప్ప గొంతు సవరించుకుంది. మావయ్య గరుకు చెప్పులతో, ఇనుప పైపు పట్టుకుని, కొడుకు వేయించిన దారి మీద బుద్ధిగా కుళాయి దాకా వెళ్ళారు. అక్కడ ఆగి, ఒకసారి వెనక్కి తిరిగి మా వంక చూసి, చెప్పులు విడిచారు.

"నాన్నా, ఆగు!" అన్నారు మా ఆయన.

"నేను మీ ఇంటికి వచ్చానా బాబూ?" అన్నారు మావయ్య నాచుదొర గొంతుతో. ఒక చేత్తో పైపు పట్టుకుని, రెండు కాళ్ళూ బురదలో పెట్టారు.

పిడుగు కేకపెట్టి పరుగెత్తింది. మావయ్య కడుపులో చక్కిలిగింత మొదలైంది. తండ్రిని పట్టుకోవడానికని మా ఆయన గబగబా బూట్లు ఊడదీసి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి దిగారు. రెండో అడుగుకే జారి, కూలబడి, మోచేతుల దాకా బురదలో దిగబడ్డారు. గుమ్మం దాటి ఒక కాలు బయట పెట్టాను.

అప్పుడు వినిపించింది ఆ నవ్వు, కడుపులో మొదలై, ఆపుకోబోయి ఆపుకోలేక, ఊపిరి అందక. మావయ్య అప్పటికే నవ్వుతున్నారు. ఇది ఆయనది కాదు. కింద బురదలోంచి వస్తోంది. ఇన్నేళ్ళ కాపురంలో మా ఆయనకు కూడా ఒక ఏడో నంబరు ఉందని నాకు ఆ రోజే తెలిసింది.